నలిగిన రెల్లును మ్రోగు రెల్లును



మొయినాబాదు దాటి చేవెళ్ల వైపు సాగు బాట పాత మఱ్ఱిచెట్లకు పేరుపొందినది. ఆ ప్రాంతమందలి చిన్న మంగళారము వైపు ఒక యింటి ప్రార్థనకు వెళ్లియుంటిని. ప్రార్థన ముగిసి అందరును వెళ్లిపోయిన తరువాత ఒక వృద్ధుడు మాత్రము కదలక కూర్చుండెను. కొంతసేపటికి చంకలోని గుడ్డమూట విప్పి నా యెదుట పెట్టెను. అందులో నల్లబడిన సన్నాయి ఒకటి యుండెను.

“అయ్యగారూ, మా మనుమరాలి పెండ్లి గుడిల చేస్తున్నం. నేను సన్నాయి ఊదొచ్చునా? పెద్దలు వద్దంటుండ్రు. మా నాయన బాప్తిస్మం తీసుకున్ననాడు దీన్ని దూలానికి కట్టిండు. ఆయన నేర్పిన పని నా చేతుల ఇంక పోలేదు. నేను పోతే దీన్ని పట్టేటోడు మా ఇంట్ల లేడు” అనెను.

సన్నాయి కొననున్న పీకను చూపి, “ఇది నలిగిపోయింది. నలిగింది పనికిరాదు. కొత్తది చేసుకోవాలె” అని కూడ చెప్పెను.

నేను తొందరపడి అవుననలేదు, కాదనలేదు. వాక్యమును వెదకి చెప్పుదునంటిని. ఆ వెదకుటలో నాకు దొరికినదానిని మీయెదుటను ఉంచుచున్నాను. ఏలయనగా ఈ ప్రశ్న ఆ యొక్క వృద్ధునిది కాదు. మన పల్లె సంఘములలో అనేకులది.

మొదట మన ప్రభువు మాటనే తీసికొందము. సంతవీధులలో కూర్చుండు పిల్లకాయలను గూర్చి ఆయన చెప్పెను (మత్తయి 11:16–17). కొందరు పిల్లలు పెండ్లి ఆట ఆడుచు ఊదిరి, తోడివారు నాట్యమాడలేదు. చావు ఆట ఆడుచు ప్రలాపించిరి. తోడివారు రొమ్ము కొట్టుకొనలేదు. నజరేతు వీధిలో బాలుడుగా తిరిగిన ప్రభువు ఆ ఆటను కన్నులార చూచియుండును గదా. ఊదినవారిని ఆయన తప్పుపట్టలేదు. ఊదినను కదలనివారినే తప్పుపట్టెను.

అచ్చట మన తెలుగు గ్రంథములో పిల్లనగ్రోవి అను మాట యున్నది. ఆ మాట వినగానే మన కన్నులయెదుట అడ్డముగా పట్టుకొని ఊదెడి వెదురు గొట్టము నిలుచును. అయితే గ్రీకు మూలములోని మాట ఔలోస్ అను వాద్యమునకు చెందినది. హెబ్రీయులు తమ వాద్యమును హలీల్ అనిరి. ఔలోస్ పీకగల వాద్యము, తరచుగా రెండు గొట్టముల జంట. హలీల్ కూడ అట్టిదేయని పండితులలో అనేకుల అభిప్రాయము. అనగా అది మన పిల్లనగ్రోవికంటె మన సన్నాయికే దగ్గరి చుట్టము.

ఈ రెంటికి భేదమేమి? పిల్లనగ్రోవికి పీక లేదు. రంధ్రపు అంచుమీద గాలి చీలి నాదము పుట్టును గనుక అది మెత్తగా పలుకును. సన్నాయికి పీక కలదు. రెల్లుజాతి గడ్డితో చేసిన రెండు పలుచని రేకులను జతపరచి కట్టినది ఆ పీక. ఊపిరి వాటి నడుమ దూరగానే అవి అతివేగముగా మూసికొనుచు తెరచుకొనుచు ఆ గాలిని అదరగొట్టును. ఆ అదురే గొట్టములో నాదమై వెలుపలికి వచ్చును. అందుచేత సన్నాయి ఊరి ఈ కొననుండి ఆ కొనవరకు వినబడును. పిల్లనగ్రోవి చెట్టు నీడకు తగినది. సన్నాయి ఊరేగింపునకు తగినది.

సొలొమోను రాజుగా అభిషేకింపబడిన దినమున జనులు గిహోను నుండి యెరూషలేమునకు ఊదుచు ఎక్కి వచ్చినప్పుడు ఆ ధ్వనికి నేల బద్దలగునట్లుండెనని వ్రాయబడియున్నది (1 రాజులు 1:40). మెత్తని వెదురు గొట్టమునకు అంతటి ధ్వని యెక్కడిది? అది పీకగల వాద్యపు ధ్వనియే అయియుండును.

ఈ వాద్యము ఎంత పాతదో వినుడి. అబ్రాహాము పుట్టిన కల్దీయుల ఊరు అను పట్టణమును 1922 మొదలు 1934 వరకు లియొనార్డ్ వూలీ అను ఆంగ్లేయుడు త్రవ్వించెను. అచ్చటి రాజసమాధులలో సన్నని వెండి గొట్టముల జంట దొరికెను. అవి క్రీస్తునకు పూర్వము సుమారు 2500 నాటివి. వెండి మిగిలెను గాని దానికి ఊపిరి పోసిన రెల్లు పీక మట్టిలో కలిసిపోయెను. ఐగుప్తులో తేబేసు నగరమునొద్దనున్న నఖ్తు అనువాని సమాధి గోడమీద, క్రీస్తునకు పూర్వము సుమారు 1400 నాటి చిత్రమొకటి కలదు. అందులో ఒక స్త్రీ జంట గొట్టములను నోట పెట్టుకొని ఊదుచుండగా ఆమె ప్రక్కను మరియొకతె పెద్ద వీణ మీటుచున్నది.

ఆ జంట గొట్టములు సమాధులతోనే అంతరించిపోయెనా? లేదు. నేటికిని పాలస్తీనా, లెబానోను, సిరియ, యొర్దాను దేశముల పల్లెలలో వాటి చుట్టములు మ్రోగుచున్నవి. అచ్చటి అరబ్బులు దానిని మిజ్విజ్ అందురు. అరబ్బీలో జంట అను మాటనుండి ఆ పేరు వచ్చినది. రెండు రెల్లు గొట్టములను ప్రక్కప్రక్కను చేర్చి దారముతోను మైనముతోను బిగింతురు. ఆ రెల్లు మన చెరువుగట్టు రెల్లుకంటె లావైనది, వెదురువలె గణుపులు గలది. రెండింటికిని ఎదురెదురుగా రంధ్రములుండును. ఒక్కొక్క వ్రేలు రెండేసి రంధ్రములను మూయును. పైకొనను రెల్లునే చీల్చి చిన్న నాలుకను తీయుదురు. రెండు గొట్టముల స్వరములు వెండ్రుకవాసి తేడాగా నుండును గనుక ఆ నాదము వణకుచు ముందుకు సాగును.

ఊదువాడు ఆ నాలుకలు రెండింటిని పూర్తిగా నోటిలో పెట్టుకొనును. బుగ్గలనిండ గాలి నింపుకొని, ఆ గాలిని గొట్టములోనికి త్రోయుచునే ముక్కుతో క్రొత్త ఊపిరి తీసికొనును. ఈ నేర్పుచేత నాదము ఎచ్చటను తెగదు. తీసికొనుచునే ఇచ్చువాని పాట ఆగదు. ప్రార్థనలో తీసికొనక సేవలో ఇచ్చుటకు మాత్రమే పరుగెత్తువారము మనము; మధ్యలో మన ఊపిరి తెగుటకు కారణమదే గదా.

ఆ మిజ్విజ్ మ్రోగగా జనులు దబ్కె అను నృత్యమాడుదురు. ఒకరి చేతులొకరు పట్టుకొని వరుసగా నిలిచి నేలను పాదములతో తట్టుచు సాగుదురు. వరుస కొననున్న నాయకుడు చేతిగుడ్డ త్రిప్పుచు అడుగు చూపును. పూర్వము మట్టి మిద్దెలకు పగుళ్లు వచ్చినప్పుడు ఇరుగుపొరుగువారు కలిసి మిద్దెమీద మట్టిని త్రొక్కి బిగించుటనుండి ఈ ఆట పుట్టెనని అచ్చటి పెద్దలు చెప్పుకొందురు. మట్టి మిద్దెల క్రింద పెరిగిన మన పెద్దలకు ఆ పని వివరించి చెప్పనక్కరలేదు. పాలస్తీనా దబ్కెను 2023 సంవత్సరమున యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది.

అరబ్బులనగా అందరును ముసల్మానులేయని తలంచకుడి. బేత్లెహేము ప్రక్కనున్న బేత్ జాలా, బేత్ సాహూరు అను ఊళ్లలో అరబ్బు క్రైస్తవులు తరతరములుగా కాపురమున్నారు. గొఱ్ఱెల కాపరులకు దూత కనబడిన పొలము బేత్ సాహూరుదేయని వారు చూపుదురు. ఈ ప్రాంతపు క్రైస్తవులు పెండ్లిలో దబ్కె ఆడి, ఆదివారమున ఆలయములో మ్రొక్కుదురు. పెంతెకొస్తు దినమున దేవుని గొప్ప కార్యములను తమ సొంత భాషలో వినినవారిలో అరబీయులును ఉండిరి గదా (అపొస్తలుల కార్యములు 2:11).

ఐగుప్తు రైతులకు అర్గూల్ అను మరియొక వాద్యము కలదు. దాని గొట్టములు రెండింటిలో ఒకటి పొట్టిది, పాటకు. మరియొకటి మిక్కిలి పొడవైనది, ఎడతెగని శ్రుతికి. ఇక మిజ్మారు అనునది చెక్కతో చేసినది, రెండు రేకుల పీక గలది, క్రిందికొన విచ్చుకొన్నది. చూచినచో మన సన్నాయియే అందుము. దక్షిణ ఐగుప్తు పెండ్లిండ్లలో పెద్ద డోలుతో కూడ దానిని ఊదగా పురుషులు కఱ్ఱలు పట్టుకొని తహ్తీబ్ అను ఆట ఆడుదురు. అది మన కఱ్ఱసామువంటిది. దానిని యునెస్కో 2016లో తన పట్టికకెక్కించినది.

ఇచ్చట మనము గమనింపదగిన ముచ్చట ఒకటి కలదు. అరబ్బీలో కీర్తనను మజ్మూర్ అందురు. దావీదు కీర్తనల గ్రంథమునకు అరబ్బీ క్రైస్తవులు పెట్టుకొన్న పేరు మజామీర్. మిజ్మారు అను ఈ ఊదుడు వాద్యపు పేరును అదే ధాతువునుండి వచ్చినది. ఆ వాద్యములు అనేకమైనయెడల వాటినికూడ మజామీర్ అనియే అందురు. పెండ్లి పందిటిలోని సన్నాయికిని ఆలయములోని కీర్తనకును వారి భాషలో మాట ఒక్కటే.

ప్రభువు దినములకు సమీపమైన యూదుల ఆచారములను మిష్నా అను గ్రంథము తెలుపును. క్రీస్తుశకము 200 ప్రాంతమున బోధకులు దానిని కూర్చిరి. పల్లెవారు ప్రథమఫలములను గంపలలో పెట్టుకొని యెరూషలేమునకు పోవునప్పుడు, బంగారు పూత పూసిన కొమ్ములు గల ఎద్దు ముందు నడువగా, ఆలయపు కొండ చేరువరకు ఊదువాడు ఊదుచు పోవలెను. పర్ణశాలల పండుగలోను హలీల్ మ్రోగెడిది. బలిపీఠము నెదుట సంవత్సరమునకు 12 దినములు దానిని ఊదెడివారు. అచ్చటకూడ కంచు గొట్టము కాక రెల్లు గొట్టమే వాడవలెననిరి. రెల్లు నాదము మధురమని అందుకు కారణము చెప్పిరి. కోతపండుగకు గంపలు మోసికొని వచ్చు మన సంఘములకు ఇది వినసొంపైన సంగతి కాదా?

అదే వాద్యము చావునకును కావలసియుండెను. ఇశ్రాయేలులో మిక్కిలి బీదవాడైనను భార్య చనిపోయినయెడల ఇద్దరు ఊదువారికంటెను, ఒక ఏడ్పుకత్తెకంటెను తక్కువ పెట్టకూడదని మిష్నాలో ఒక బోధకుని మాట. క్రీస్తుశకము 67లో యొతపాతా పట్టణము రోమీయులకు చిక్కినదను వార్త యెరూషలేమునకు చేరగా, ఏడ్చుటకై అనేకులు ఊదువారిని కూలికి కుదుర్చుకొనిరని చరిత్రకారుడగు జోసీఫసు వ్రాసెను. యాయీరు ఇంట ప్రభువు చూచినది అట్టివారినే (మత్తయి 9:23). ఆయన వారిని వెలుపలికి పంపెను. వాద్యము అపవిత్రమని కాదు; ఆ యింట ఇక చావు పాటతో పనిలేదు గనుక పంపెను.

అంతకంటె గంభీరమైన మాట యిర్మీయా గ్రంథమున కలదు. మోయాబు నాశనమునకు దేవుడు దుఃఖించుచు, తన గుండె ఈ వాద్యమువలె మ్రోగుచున్నదనెను (యిర్మీయా 48:36). మోయాబు అనునది నేటి యొర్దాను దేశములోని భాగము, మిజ్విజ్ నేటికిని మ్రోగు నేల. పరజనుల కొరకు ఏడ్చు తన హృదయమునకు పోలిక వెదకినప్పుడు దేవుడు పీకగల గొట్టమును ఎంచుకొనెను. దానిని మనము నీచమని యెట్లు చెప్పగలము?

ఆ వాద్యపు చుట్టములు మన దేశమునకును వచ్చినవి. పారసీకులు దానిని సుర్నాయ్ అనిరి. నాయ్ అనగా రెల్లు. అక్బరు పాదుషా నగారాఖానాలో సుర్నాయ్ ఉండెనని అబుల్ ఫజలు తన అయినీ అక్బరీలో చెప్పెను. హిందూస్థానములో అది షెహనాయి, మన నోట సన్నాయి ఆయెను. పాములవాడు పూర్వము మన వాకిట ఊదిన నాగసరము గుర్తున్నదా? సొరకాయ బుఱ్ఱ క్రింద రెండు గొట్టములు, ఒకటి పాటకు, ఒకటి శ్రుతికి. ఐగుప్తు అర్గూలు అమరికయు అదే.

అరబ్బులు కూడ మనకు దూరపువారు కారు. హైదరాబాదులోని బార్కస్ అను పేట నిజాము సైన్యములోని అరబ్బుల పటాలపు నివాసముగా వెలసెను. వారి పూర్వులు యెమెను దేశములోని హద్రమౌత్ నుండి వచ్చిరి. ఆదికాండము 10:26లోని హసర్మావెతు అను పేరు ఆ సీమదేయని పండితులు చెప్పుదురు. వారితోను హబ్షీలతోను వచ్చిన మర్ఫా వాద్యము నేటికిని హైదరాబాదు పెండ్లిండ్లలో మ్రోగును. అందులో డోళ్లు, కఱ్ఱలే ముఖ్యము. రెల్లు గొట్టము ఆ మేళముతో కూడ ఇచ్చట నిలువలేదు. సన్నాయి ముందే ఉన్న ఊళ్లకు డోలు మాత్రము వచ్చి చేరెననుకొందము.

ఇంతదూరము వచ్చినను ఆ వృద్ధుని ప్రశ్న మిగిలియే యున్నది. వాద్యము ఇంత ఘనమైనదైతే మన పెద్దలు దానిని దూలమునకు ఎందుకు కట్టిరి? వారిని తెలివిలేనివారని తీసివేయకుడి. వారికి రెండు కారణములుండెను.

ఒకటి, ఆ మేళము జాతరలతోను, కల్లుతోను, దేవతల ఊరేగింపులతోను పెనవేసికొనియుండెను. పాత బ్రదుకు విడిచినవాడు పాత పిలుపును వినగోరలేదు. రెండవది మరింత లోతైనది. నిజాము రాజ్యములో దొరల గడీల క్రింద వెట్టిచాకిరి యుండెను. గడీనుండి పిలుపు వచ్చినయెడల డప్పు వాయించువాడు కూలి లేకయే పోయి వాయింపవలెను. రానని చెప్పుటకు వానికి నోరు లేదు. 1948లో నిజాము ప్రభుత్వము పోయి, 1949లో జాగీరులు రద్దగు వరకు ఆ బరువు పూర్తిగా దిగలేదు. అట్టి కాలములో బాప్తిస్మము పొంది, “ఇక నేను వాయించను” అని చెప్పుట కేవలము భక్తి మాట కాదు. అది విడుదల పొందిన మనుష్యుని మాట. డప్పుగాని సన్నాయిగాని క్రింద పెట్టినవాడు తన కాడిని క్రింద పెట్టెను. ఆ పెద్దలను మనము గౌరవింపవలెను.

అయితే కాడి విరిగిన తరువాత ఎద్దు చంపబడదు గదా, యజమానుడు మారును. పౌలు మాట ప్రకారము స్వాతంత్ర్యము కొరకే క్రీస్తు మనలను విడిపించెను (గలతీయులకు 5:1). వెట్టికి ఊదకూడదని విడిచిన హక్కు ఎంత స్వతంత్రమైనదో, ప్రభువు కొరకు సంతోషముగా ఊదుదునని మరల చేతపట్టు హక్కు అంతే స్వతంత్రమైనది.

వాక్యమందు ఈ విషయమై స్పష్టమైన తీర్పు కలదు. నెబుకద్నెజరు బంగారు ప్రతిమ యెదుట మ్రోగిన వాద్యములలో ఊదెడిదియు ఉండెను (దానియేలు 3:5). ద్రాక్షారసపు విందులలో అది మ్రోగుచుండగా, యెహోవా కార్యమును తలంపనివారిని యెషయా గద్దించెను (యెషయా 5:12). అదే యెషయా, యెహోవా పర్వతమునకు అదే వాద్యముతో సంతోషముగా వచ్చు జనులను చూపించెను (యెషయా 30:29). వాద్యము ఒక్కటే. గద్దింపు దానికి కాదు, ఎవని కొరకు ఊదుచున్నామో మరచిన హృదయమునకు.

మన తెలుగు సంఘములో ఈ మార్గమును ముందే త్రొక్కినవారు కలరు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మన దేశపు రాగతాళములలోనే క్రీస్తును కీర్తించిరి. నేటికిని ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో పాటకు పైని రాగము, తాళము వ్రాయబడియుండుట మీరు చూచుచున్నారు. బిషప్ అజరయ్యగారు కట్టించిన దోర్నకల్ దేవాలయము 1939లో ప్రతిష్ఠింపబడెను. దాని స్తంభములలోను గుమ్మటములలోను ఈ దేశపు హిందూ, ముసల్మాను శిల్పముల పోలికలు కలవు. రాగము రక్షింపబడెను, రాయి రక్షింపబడెను. రెల్లు ఏమి తప్పు చేసెను?

నేను తిరిగి ఆ వృద్ధునియొద్దకు పోయి, సంఘపు పెద్దలను కూడ పిలిచి ఈ సంగతులు చెప్పితిని. వారు చాలసేపు ఆలోచించిరి. తుదకు మూడు మాటల మీద ఒప్పుకొనిరి. ఊదుచోట త్రాగుడు ఉండకూడదు. ఊదువానికి తగిన కూలి ఇయ్యవలెను. ఇంటివాడైనను తాంబూలముతో మర్యాద చేయవలెను. మూడవది ఒక పెద్దమ్మ చెప్పెను: “ఊదేటోన్ని పందిరి బయట కూసోబెట్టి సన్నాయిని మాత్రం లోపలికి పిలిస్తే అది పాత వెట్టే. ఆయన మనతోని బంతిల కూసొని తినాలె.”

ఈ మూడింటిలో మూడవదియే ముఖ్యమని నాకు తోచినది. వాద్యమును ప్రతిష్ఠించుట సులభము; వాయించు మనుష్యుని గౌరవించుట కష్టము.

పెండ్లినాడు ఆయన క్రొత్త పీక కట్టుకొని వచ్చెను. గుడి వాకిటనుండి ఇంటివరకు ఒక కీర్తన రాగమును ఊదుచు నడిచెను. ఊపిరి చాలక నడుమ నడుమ ఆగెను. ఆగినప్పుడెల్ల ఆడువారు ఆ చరణమును నోట అందుకొనిరి. ఇంటి వాకిట పదియేండ్ల బాలుడొకడు “తాతా, నాకియ్యి” అని చేయి చాచగా, ఆయన సన్నాయిని వానికిచ్చి, వ్రేళ్లు ఎచ్చట పెట్టవలెనో చూపుచుండెను.

నేను వెళ్లివచ్చుదునన్నప్పుడు ఆయన జేబులోనుండి ఆ నలిగిన పాత పీకను తీసి చూపి, “దీన్ని పారెయ్యబుద్ధి కాలేదు అయ్యగారూ, మా నాయన కట్టింది” అనెను. పీక కట్టువాడు నలిగినదానిని విడిచి క్రొత్తది కోసికొనును. అది లోకపు పద్ధతి. మన ప్రభువు మాత్రము నలిగిన రెల్లును విరువడని యెషయా ముందుగా చెప్పెను, మత్తయి దానిని ఆయనయందు నెరవేరినదిగా చూపెను (యెషయా 42:3, మత్తయి 12:20).

సహోదరులారా, మన సంఘములలో దూలమునకు కట్టబడిన సన్నాయిలు మాత్రమే కాదు, మూలకు నెట్టబడిన మనుష్యులును కలరు. వారిలో ఒకనినైనను ఈ నెలలో పిలిచి, ప్రక్కను కూర్చుండబెట్టుకొని, నీకు తెలిసిన పాట ఏది అని అడుగుడి. ఊపిరి పోయు ప్రభువు తానే మిగిలిన పని చేయును. ఆమేన్.